మూసీతీరమున జీవశాస్త్రాధ్యయనము

హైదరాబాదు నగరమున మూసీనదిపై నున్న వంతెనలలో నయాపూల్ అను పేరు గలది ప్రజల నాలుకలయందు మిక్కిలి నలిగినది. దీనికి అఫ్జల్ వంతెన యని నామాంతరము కలదు. 1857 మొదలు 1869 వఱకు రాజ్యమేలిన అఫ్జలుద్దౌలా పేర అది వెలసినది. 1578లో కుతుబ్‌షాహీల నాట కట్టబడిన పురానాపూల్ అంతకుముందే యుండుటచే జనులు దీనిని క్రొత్తవంతెన యనిరి. ఇందు ‘నయా’ యనునది సంస్కృతమందలి ‘నవ’ శబ్దమే, ప్రాకృతముల మీదుగా వచ్చి రూపము మార్చుకొన్నది. ‘పుల్’ పారసీకము. దానియందలి హ్రస్వమును దీర్ఘముగా పలుకుట తెలుగువారి యలవాటు. భిన్నజాతుల శబ్దములను కలుపరాని తావున కలిపినచో మన లాక్షణికులు వైరిసమాసమని దూషింతురు. ఈ వంతెన పేరే అట్టి సమాసము. ఐనను 1908వ సంవత్సరపు వఱదలో వంతెన కూలినదిగాని పేరు కూలలేదు. వంతెనను మరల కట్టిరి, జనులు మరల నయాపూల్ అనియే పిలిచిరి.

ఈ ముచ్చట యిచ్చట ఊరక చెప్పబడలేదు. ఈ వంతెనకు ఇరుదెసల జీవశాస్త్రము ఏయే భాషలలో బోధింపబడినదో విచారించునపుడు, ఏ శబ్దమును ఏ శబ్దముతో కలుపవచ్చును, ఎవరికొఱకు కలుపవలయును అను ప్రశ్నయే మాటిమాటికి ఎదురగును.

వంతెనకు ఉత్తరపుటొడ్డున ఉస్మానియా ఆస్పత్రియు, 1891లో స్థాపింపబడి 1936లో ఇచ్చటి భవనమునకు తరలివచ్చిన ఆసఫియా గ్రంథాలయమును కలవు. దక్షిణపుటొడ్డున 1920లో తెఱవబడిన ఉన్నతన్యాయస్థానభవనమును, దానిచెంతనే సిటీ కాలేజియు కలవు. ఆస్పత్రి, న్యాయస్థానము, కాలేజి యను ఈ మూడు కట్టడములకును విన్సెంట్ ఎష్ అను ఆంగ్లశిల్పియే రూపకల్పన చేసెను. రోగి, వాది, విద్యార్థి యను మువ్వురును ఒకే నదీతీరమున ఒకే శిల్పి కట్టిన గుమ్మటములక్రింద చేరుట ఈ నగరమునకు ప్రత్యేకమైన సంగతి.

విశ్వవిద్యాలయమన్నది పుట్టకమునుపే జీవపదార్థ పరిశీలనము ఈ తావున ప్రారంభమైనది. 1846లో రెసిడెన్సీ వైద్యుడగు మక్లీన్ దొర యాజమాన్యమున వైద్యపాఠశాల యేర్పడెను. అందు పాఠములు తొలుత ఉర్దూలోనే చెప్పబడుచుండెను. శరీరమును కోసి చూచి నేర్చుకొను విద్య దేశభాషలో సాధ్యము కాదను వారికి ఈ పాఠశాల తొలినాళ్లే సమాధానము. పిదప ఎడ్వర్డ్ లారీ యను వైద్యుడు దాని కధ్యక్షుడై వచ్చెను. క్లోరోఫారము పీల్చిన రోగి మరణించునెడల ముందుగా ఆగునది గుండెయా, ఊపిరియా యను వివాదము ఆకాలమున ఐరోపాయందు తీవ్రముగా నుండెను. ఊపిరియే యని లారీ పట్టుపట్టెను. 1888లో కుక్కలపై ప్రయోగములు జరిపించి తన మతమును స్థాపింపజూచెను. లండను వైద్యపత్రిక దానిని శంకింపగా, ఆఱవ నిజాము మహబూబ్ అలీ ఖాను వేయి పౌనుల ధనమిచ్చి లండనునుండి లాడర్ బ్రంటన్ అను పండితుని రప్పించెను. 1889లో రెండవ సంఘము కూర్చుండి మరల ప్రయోగములు చేసి లారీమాటయే నిజమని తేల్చెను. ఆ తీర్పు నిలువలేదు. 1911లో లీవీ యను శాస్త్రజ్ఞుడు పిల్లులపై ప్రయోగములు చేసి, క్లోరోఫారము స్వల్పమాత్రలో నున్నపుడే గుండెకండరము లయ తప్పి అదరి యాగిపోవుట కలదని నిరూపించెను. సిద్ధాంతము తప్పినను, హైదరాబాదు సంస్థానము ఒక జీవశాస్త్రప్రశ్నకై ధనము వెచ్చించి, ప్రయోగశాల నమర్చి, లోకమునెల్ల తనవైపు చూచునట్లు చేసెననుట తప్పుకాదు. తప్పైన ఫలితమునకు తప్పు చూపుటకు వీలుగా లెక్కలన్నియు అచ్చొత్తించి యుంచుట శాస్త్రమునకు మేలు చేయు పొరపాటు.

అటుపిమ్మట 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ సికిందరాబాదు దండుప్రాంతమున దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. ఆ సంగతి లోకవిదితము. రాస్ బ్రిటిషు సైన్యపు వైద్యుడు గాని నిజాము కొలువువాడు కాడు. అతడు పనిచేసిన బేగంపేట భవనము తరువాతి కాలమున ఉస్మానియా విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రశాఖకు చెందినది యగుటచే మాత్రము ఈ చరిత్రలో దానికి చోటు కలదు.

తెలుగువారు ఈ నడుమ ఊరకుండలేదు. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము నగరమున నెలకొల్పబడెను. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, రావిచెట్టు రంగారావుగారు మొదలగువారు విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని హైదరాబాదుననే స్థాపించిరి. 1908లో మండలి చెన్నపురికి తరలిపోయెను. చరిత్రయు, పదార్థవిజ్ఞానమును, జీవశాస్త్రమును తెలుగున చదువుకొనవలయునని కోరిన తొలి సంస్థ యిది. ఆచంట లక్ష్మీపతిగారి ‘జీవశాస్త్రము’ ఈ గ్రంథమాలలోనిదే. లక్ష్మీపతిగారు పాశ్చాత్యవైద్యమును చదివి ఆయుర్వేదమునందును కృషిచేసిన వారగుటచే వారికి రెండు పరిభాషలును కరతలామలకములు. ‘జీవ ప్రాణధారణే’ యను ధాతువునుండి వచ్చిన శబ్దమును ముందుంచి శాస్త్రమునకు పేరిడుట నేడు మనకు సహజముగా తోచును. ఆనాడు అది యొక నిర్ణయము. గ్రీకుభాషలో ‘బయోస్’ అన్నను జీవనమే. అరబ్బీలో ‘హయాత్’ అన్నను జీవనమే. ఇంత దగ్గఱి అర్థములు గల మూడు శబ్దములలో తెలుగు విద్యార్థికి ఏది యక్కఱకు వచ్చునో ఆనాటి మండలివారికి సందేహము లేకుండెను. ఆ మండలి నగరమునుండి తరలిన పదేండ్లకు ఇదే నగరమున విశ్వవిద్యాలయము పుట్టినది. కాని ఆ నిర్ణయము వేఱుగా జరిగినది.

నడుమ వఱద వచ్చినది. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిని, నదిపైని వంతెనలను, వేలకొలది జనమును కొట్టుకొనిపోయెను. ఆస్పత్రి ఆవరణమందలి యొక చింతచెట్టుపై కెక్కి సుమారు నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు. ఆ చెట్టు నాటినుండి పూజ్యమైనది. ఈ చెట్టు శాస్త్రనామమును పరిశీలించిన శబ్దశాస్త్రము చదివినవారికి ముచ్చట కలుగును. లిన్నేయసు దీనికి ‘టామరిండస్ ఇండికా’ యని పేరిడెను. అందు మొదటి పదము అరబ్బుల ‘తమ్రుహిందీ’, అనగా హిందూదేశపు ఖర్జూరము. రెండవ పదమునకు హిందూదేశముది యని యర్థము. హిందూదేశపు ఖర్జూరము హిందూదేశముది యనుట పునరుక్తి. మన ఆలంకారికుడైనచో దోషమని కొట్టివేసియుండును. శాస్త్రజ్ఞులు దానిని రెండున్నర శతాబ్దములకు పైగా మోయుచున్నారు. ఏలయన శాస్త్రనామమునకు అర్థసౌష్ఠవముకంటె స్థిరత్వమే ప్రధానము. పాణిని టి, ఘు, భ యని సంజ్ఞలు చేసినపుడు వానియందు అర్థము వెదకుమని చెప్పలేదుగదా. ఈ న్యాయము ముందు చెప్పబోవు పరిభాషావివాదమున కొందఱకు తోచినదికాదు.

1917 ఏప్రిల్ 26వ తేదీన ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాను, అక్బర్ హైదరీ సమర్పించిన విజ్ఞాపనము ననుసరించి, ఉర్దూ బోధనభాషగా విశ్వవిద్యాలయమును స్థాపింప నాజ్ఞాపించెను. ఆంగ్లము నిర్బంధ పాఠ్యభాషగా మాత్రమే యుండవలయును. 1919 ఆగస్టు 28వ తేదీన గన్‌ఫౌండ్రీ ప్రాంతమున అద్దెయింటిలో ఇంటర్మీడియట్ తరగతులు మొదలాయెను. హిందూదేశమున ఉన్నతవిద్య యంతయు ఆంగ్లమున సాగుచున్న కాలమది. ఒక దేశభాషలో గణితమును, రసాయనమును, వైద్యమును, జీవశాస్త్రమును పట్టపరీక్షవఱకు బోధింప సాహసించుట సామాన్యము కాదు. ఈ ఘనతను తెలుగువారు కూడ మనస్ఫూర్తిగా నంగీకరింపవలయును.

బోధనకు ముందు పుస్తకములు కావలయును, పుస్తకములకు ముందు శబ్దములు కావలయును. అందుకై 1917లోనే దారుత్తర్జుమా యను అనువాదశాల నేర్పఱచి మౌల్వీ అబ్దుల్ హఖ్ గారిని దాని కధిపతిగా నియమించిరి. శాస్త్రజ్ఞులును భాషావేత్తలును కూడిన సంఘములు ఒక్కొక్క శబ్దమునకై గంటలతరబడి వాదించుకొనెడివి. అందు రెండు పక్షములుండెను. శాస్త్రశబ్దములు అరబ్బీ ధాతువులనుండియే రావలయుననువారు ఒక పక్షము. ఉర్దూభాష ఆర్యభాషాకుటుంబములోనిది గావున, ఉపసర్గప్రత్యయములు చేర్చియు సమాసములు కూర్చియు అరబ్బీ, పారసీక, హిందీ శబ్దములను యథేచ్ఛగా కలిపి పదములు సృష్టింపవచ్చుననువారు రెండవ పక్షము. ఈ రెండవ పక్షమున వహీదుద్దీన్ సలీమ్ గారు ముఖ్యులు. 1921లో వెలువడిన వారి ‘వజ్అె ఇస్తిలాహాత్’ అను గ్రంథము పరిభాషానిర్మాణమును గూర్చిన శాస్త్రమువంటిది. అరబ్బీలో ధాతువునకు లోపలి అచ్చులు మాఱి పదము పుట్టును. ఆర్యభాషలలో ప్రకృతికి ముందును వెనుకను అంటుకొని పదము పెరుగును. ఈ భేదమును గుర్తించి, మన భాష పెరుగు తీరున పెంచుకొందమని వారు చెప్పినది వ్యాకరణదృష్టికి యుక్తియుక్తము. మన వైరిసమాసనిషేధమును తలచుకొన్నవారికి సలీమ్ గారి వాదము ఇంకను మనోహరముగా నుండును. నయాపూల్ మీద నిత్యము నడచువారికి ఈ పక్షము వేఱుగా నేర్పనక్కఱలేదు.

ఐనను జీవశాస్త్రమున గెలిచినది చాలవఱకు అరబ్బీయే. జీవశాస్త్రము ‘హయాతియాత్’ ఆయెను, వృక్షశాస్త్రము ‘నబాతియాత్’ ఆయెను, జంతుశాస్త్రము ‘హైవానియాత్’ ఆయెను. వీని కడపటి భాగము మన తద్ధితమువంటిది. ఒకే ప్రత్యయముతో శాస్త్రముల వరుస నంతయు తీర్చుట అందమైన పనియే. మఱికొన్ని శబ్దములు ఇంకను లోతైనవి. ప్రాణిశరీరమునకు మూలమైన సూక్ష్మభాగమును 1665లో రాబర్ట్ హుక్ బెండుముక్కలో చూచి, సన్న్యాసుల చిన్నగదులను తలచుకొని, గది యను నర్థము గల పేరు పెట్టెను. ఉర్దూవారు దానిని ‘ఖలియా’ యనిరి. తేనెపట్టులోని అఱవంటిది యని దాని భావము. హిందీవారు ‘కోశికా’ యనిరి. మనవారు ‘కణము’ అనిరి. గది యన్నవారు గోడను చూచిరి, కోశమన్నవారు లోపలి వస్తువును దాచు ఒరను చూచిరి, కణమన్నవారు పరిమాణమును మాత్రము చూచిరి. ఈ విషయమున మన శబ్దము తక్కిన వానికంటె కొంచెము పేదది. కణాదుని పరమాణువాదము మనవారి మనస్సున ముందే యుండుటచే గాబోలు అటు మొగ్గిరి.

ప్రజాతికి వారు చెప్పు ‘జిన్స్’ అను శబ్దము గ్రీకుల ‘గెనోస్’ నుండి అరబ్బు తార్కికుల మూలమున వచ్చినది. లాటినున ‘జీనస్’ అనునది దాని కుటుంబములోనిదే. జాతికి ‘నౌఅ్’ అనిరి. మన శాస్త్రములలో జాతిశబ్దము పదునైన శబ్దము. పదమునకు అర్థము ఆకృతి యని వాజప్యాయనుడును, ద్రవ్యమని వ్యాడియు వాదించిరి. ఒక మొక్కను ఎండబెట్టి కాగితమునకంటించి ‘ఈ జాతికి ఇదియే ప్రమాణము’ అని వృక్షశాస్త్రజ్ఞుడు భద్రపఱచునపుడు, ఆకృతివాదియు ద్రవ్యవాదియు ఒక్కచోట సంధిచేసికొన్నట్లుండును.

ఇంతవఱకు అనువాదశాలయొక్క ఘనత. ఇక విద్యార్థి సంగతి చూడవలయును. సంస్థానప్రజలలో సుమారు సగముమంది తెలుగువారు. మరాఠీవారు నాల్గవవంతు. ఉర్దూ మాతృభాషగా గలవారు పదింట నొకవంతు. విదేశభాషలో చదువుట మనస్సునకు బరువు అను సిద్ధాంతముపై లేచిన విశ్వవిద్యాలయము, ఆ బరువును పదింట తొమ్మిదిమంది తలలనుండి దింపలేదు. విశ్వవిద్యాలయమున తెలుగుశాఖ యుండెను. రాయప్రోలు సుబ్బారావుగారివంటి కవి దాని కాచార్యులు. అందు తెలుగు చదువదగిన విషయము గాని చదివించు భాష కాదు. 1921 నవంబరులో వివేకవర్ధినీ ప్రాంగణమున కర్వే పండితుని అధ్యక్షతను జరిగిన సభలో అల్లంపల్లి వేంకటరామారావుగారు తెలుగున ప్రసంగింప నారంభింపగా సభలో కొందఱు గేలిచేసి కూర్చుండబెట్టిరి. ఆంధ్రజనసంఘము పుట్టుటకు ఇది కారణము. వివేకవర్ధినికిని నయాపూలుకును దూరమెంతయో లేదు. అదే సంవత్సరమున వంతెనకు దక్షిణమున సిటీ హైస్కూలు క్రొత్తభవనమున ఇంటర్మీడియట్ తరగతులు మొదలుపెట్టెను. 1929లో అది కాలేజియై ఉస్మానియా విశ్వవిద్యాలయమున అంగమాయెను.

తెలుగుజిల్లాలనుండి వచ్చి ఈ విశ్వవిద్యాలయపు తరగతులలో జీవశాస్త్రము చదివిన బాలుని స్థితిని ఒక పువ్వును చేతబట్టి చూపవచ్చును. తంగేడుపూవును అతడు పుట్టినది మొదలు ఎఱుగును. బతుకమ్మనాళ్లలో అక్కచెల్లెండ్రకు గట్టులవెంట తిరిగి కోసి తెచ్చినవాడు. తోలు నూనుటకు దాని బెరడు వాడుదురని మాదిగవాడలో చూచినవాడు. ఊరి పాఠశాలలో ఉర్దూ నేర్చి, తరగతిగదిలో ఆ పువ్వుభాగములకు అరబ్బీపేర్లు వినును. ప్రయోగశాలలోని చీటిపై ‘కాసియా ఆరిక్యులేటా’ యని లాటినున చూచును. ఇదియే ఇప్పుడు ‘సెన్నా ఆరిక్యులేటా’. ఆ సెన్నా మరల అరబ్బుల ‘సనా’ యే. ఆంగ్లము ఎట్లును నిర్బంధము. ఇట్లు నాలుగు భాషల నడుమ, పువ్వును నిజముగా ఎఱిగిన భాష యొక్కటే తరగతి వాకిట చెప్పులతోపాటు విడిచిపెట్టబడినది. 2014లో తెలంగాణరాష్ట్రము తంగేడును రాష్ట్రపుష్పముగా స్వీకరించినది.

ఇట్టి లోపము నడుమను విశ్వవిద్యాలయపు జీవశాస్త్రశాఖలు మంచిపని చేసినవి. వృక్షశాస్త్రాచార్యులు సయీదుద్దీన్ గారు హైదరాబాదు సంస్థానమందలి సామాన్యపుష్పవృక్షములు, వాని వ్యాప్తి, ఆర్థికప్రయోజనము అను విషయమున వరుసగా వ్యాసములు ప్రకటించిరి. వానిలో 1938, 1941 సంవత్సరములవి బొంబాయి ప్రకృతిచరిత్రసంఘపత్రికలో వచ్చినవి. అంతకుపూర్వము 1911లో పార్‌ట్రిడ్జ్ అను అటవీశాఖోద్యోగి సంస్థానారణ్యవృక్షములనుగూర్చి యొక గ్రంథము చేసియుండెను. జంతుశాస్త్రమున రహీముల్లాగారు సంస్థానమందలి చేపలను జిల్లాలవారీగా పరిశీలించి అదే పత్రికలో ప్రకటించిరి. పక్షులవిషయమున 1931లో సాలిం అలీగారు నిజాము ప్రభుత్వపు సాయముతో ఊరూర శిబిరము వేసి పరిశీలనము జరిపిరి. ఇది విశ్వవిద్యాలయపు పని కాకున్నను సంస్థానపు జీవశాస్త్రచరిత్రలో విడువదగినది కాదు.

వీరందఱిలో బి. కె. దాసుగారి విషయము విశేషముగా చెప్పదగినది. గాలి పీల్చు హిందూదేశపు చేపలనుగూర్చి 1927లో లండను రాయల్ సొసైటీవారి గ్రంథావళిలో వారి పెద్దవ్యాసము వెలువడినది. వారు ఉస్మానియాలో జంతుశాస్త్రాచార్యులైరి. కొఱ్ఱమీను ఈ చేపలలో నొకటి. మొప్పలకు పైభాగమున దానికి ఒక గాలి యఱ కలదు. అప్పుడప్పుడు నీటిపైకి వచ్చి గుటక వేసినట్లు గాలి తీసికొనును. పైకి రాకుండ వల యడ్డముగా కట్టినచో నీటిలోనే ఊపిరాడక చచ్చును. ఎండకాలమున ఇంకిన చెఱువు బురదలో కొఱ్ఱమీను బ్రదికియుండుట తెలంగాణమున ప్రతి బెస్తవాడును ఎఱిగినదే. అది యెట్లు బ్రదుకునో చెప్పుట శాస్త్రము. పాతనగరమున మృగశిరకార్తెనాడు ఉబ్బసరోగులచే చిన్న కొఱ్ఱమీను నోట మందు పెట్టి మ్రింగించు వాడుక చిరకాలముగా కలదు. ఆ మందు పనిచేయునని శాస్త్రపరీక్షలో నిరూపింపబడలేదు. ఊపిరికై బాధపడువారికి ఊపిరి తీయు చేపనే యెన్నుకొనుట కాకతాళీయమో, ప్రాచీనుల పరిశీలనమో చెప్పనలవి కాదు.

ఇచ్చట నొక వింత గమనింపదగినది. ఈ యాచార్యులు తరగతిలో ఉర్దూ పరిభాషతో పాఠము చెప్పుచు, తాము కనుగొన్నదానిని ఆంగ్లమున వ్రాసి బొంబాయికిని లండనుకును పంపుచుండిరి. పాఠ్యగ్రంథములను అనువదించిరిగాని పరిశోధనమును ఉర్దూలో నిలుపలేకపోయిరి. శాస్త్రభాష యనునది శబ్దకోశముచేత మాత్రమే యేర్పడదు. ఆ భాషలో వ్రాసినదానిని ఖండించుటకును మెచ్చుటకును దూరదేశమున మఱియొకడు ఉండవలయును. క్లోరోఫారము వివాదమున లారీకి అట్టివాడు లభించెను. దారుత్తర్జుమాకు లభింపలేదు.

1938లో వందేమాతరగీతమును వసతిగృహములలో పాడిరని విద్యార్థులను పెక్కుమందిని బహిష్కరింపగా, చాలమంది నాగపురమునకు పోయి అచ్చటి విశ్వవిద్యాలయమున చేరిరి. ఆ యుద్యమమున పాల్గొన్నవారిలో పి. వి. నరసింహారావుగారు ఒకరు. 1939 డిసెంబరు 4వ తేదీన అడిక్‌మెట్టున ఆర్ట్స్ కాలేజి మహాభవనము తెఱవబడెను. 1948 సెప్టెంబరులో సంస్థానము హిందూదేశమున చేరినపిదప బోధనభాష ఆంగ్లమాయెను. ముప్పదియేండ్లు శ్రమించి కూర్చిన శబ్దసంపద యొక్క మార్పుతో తరగతినుండి తొలగినది. ఆ మార్పువలన తెలుగు విద్యార్థికి ఉర్దూబరువు తీఱినది నిజమే. ఆ స్థానమున వచ్చినది తెలుగు కాదు. ఈ సందర్భమున తెలుగువారిలో కొందఱు సంతోషించిరి. తమ యిల్లు తమకు రాకున్నను పొరుగువాని యిల్లు కూలినందుకు సంతోషించుట వివేకము కాదు. ఆ శబ్దములు నశింపలేదు. నేడును ఉర్దూ పాఠశాలలయందును, 1998లో ఇదే నగరమున స్థాపింపబడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయమునందును హయాతియాత్, నబాతియాత్ శబ్దములు వాడుకలో నున్నవి.

తెలుగు వంతు ఇరువదియేండ్లకు వచ్చెను. 1968లో నరసింహారావుగారు విద్యామంత్రిగా నున్నపుడు తెలుగు అకాడమి స్థాపింపబడినది. ఇంటర్మీడియటుకును పట్టపరీక్షకును తెలుగున జీవశాస్త్ర గ్రంథములు వెలువడెను. జిల్లాకాలేజీలలోవలె ఈ నదీతీరమునను తెలుగున వృక్షజంతుశాస్త్రములు చదువువారు కనబడిరి. అకాడమి సంఘములు దారుత్తర్జుమా సంఘములు పడిన చిక్కులనే పడినవి. అరబ్బీ స్థానమున సంస్కృతము కూర్చున్నది. ‘పత్రహరితము’ చక్కని శబ్దము, గ్రీకుపదమునకు అచ్చముగా సరిపోయినది, వినగానే అర్థమగును. ‘కిరణజన్యసంయోగక్రియ’ విషయమున అట్లు చెప్పరాదు. కిరణములచేత జన్యమైన సంయోగముయొక్క క్రియ యని విగ్రహవాక్యము చెప్పినవారికి బోధపడును. వ్యాకరణమెఱుగని బాలుడు దానిని మంత్రమువలె వల్లించును. ఉర్దూవారు దీనినే ‘జియాయీ తాలీఫ్’ అనిరి. వెలుతురుతో చేసిన కూర్పు అని యర్థము. తాలీఫ్ అనగా గ్రంథరచన యనియు అర్థమున్నది. ఆకు సూర్యుని వెలుతురున కూర్చుండి రచన చేయుచున్నదను ఈ భావన మన పదక్షరముల సమాసపుఁ గొసరుకంటె, ఆ మాటకు వస్తే దాని మొత్తముకంటె, అందమైనది. పొరుగువారి సంఘముల చర్చలను ముందుంచుకొని అకాడమివారు కూర్చుండియున్నచో బాగుండెడిది.

ఇక వంతెనక్రింది నీటి సంగతి. ఉస్మానియా వృక్షశాస్త్రశాఖకు చెందిన వి. వేంకటేశ్వర్లుగారు మూసీనదిలోని నాచుజాతులను నీటికాలుష్యమును దృష్టియందుంచుకొని పరిశీలించి, 1969లో ‘హైడ్రోబయాలజియా’ యను అంతర్జాతీయపత్రికలో పలుభాగములుగా ప్రకటించిరి. అదే శాఖకు చెందిన జాఫర్ గారు హైదరాబాదు చేపలకుంటలలోని నాచులను గూర్చి అంతకుముందు కొన్నేండ్లు అదే పత్రికలో వ్రాసియుండిరి. నదిలోని ఏ పాయలో ఏ నాచు పెరుగునో చూచి ఆ నీటిలో ఎంత మలినము చేరినదో ఊహింపవచ్చును. ఈ నీటి రోగమును తెలుపు నాడివంటివి ఆ సూక్ష్మజీవులు. వఱద పిదప విశ్వేశ్వరయ్యగారి ప్రణాళికచే 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును ఎగువ నిర్మింపబడుటచే నగరమునకు వఱదభయము తగ్గెను. నదికి సహజప్రవాహము కూడ తగ్గెను. నగరపు మురుగు మాత్రము తగ్గలేదు. ఈ పరిశోధనము జరిగి యేబదియేండ్లు దాటినను అందు చూపిన రోగము ముదిరినదే గాని తగ్గలేదు.

నాచు అను నొక్కమాటతో ఊరివారు చెప్పుదానిని పాఠ్యగ్రంథములు ‘శైవలము’ అనినవి. ఇది అమరమునందున్న శబ్దమే గనుక పండితులకు రుచించును. వంతెనపై నిలిచి చూచినవారికి నేడు నాచుకంటె ముందు కనబడునది గుఱ్ఱపుడెక్క. ఇది దక్షిణామెరికానుండి వచ్చినది. మురుగునీటి సారమును త్రాగి దట్టముగా అల్లుకొనును. ఆకుతీరును బట్టి తెలుగువారు పెట్టిన పేరు చూచినవెంటనే అర్థమగును. శాస్త్రజ్ఞులు దీనికి ‘ఐక్‌హోర్నియా’ యని పేరిడిరి. అది ప్రష్యాదేశమున విద్యామంత్రిగా నుండిన ఐక్‌హోర్న్ అను నాతని గౌరవార్థము పెట్టినది. ఇటీవల శాస్త్రజ్ఞులు ఆ పేరును కొట్టివేసి మొక్కను ‘పాంటెడేరియా’ ప్రజాతిలో చేర్చిరి. మంత్రిపేరు పోయినది, నయాపూల్ క్రింద డెక్క అట్లే యున్నది.